కారులో క్యాంపింగ్‌కు నీళ్లు: ఎన్ని, ఎందులో, ఎక్కడ

క్యాంపింగ్‌లో నీళ్లు అయిపోవడం కంటే ఎక్కువగా జరిగేది, ఉన్న నీళ్లు పనికి రాకపోవడం. ఒక్కటే పెద్ద క్యాన్ తెస్తారు, దారిలో దాని కుళాయి విరుగుతుంది. లేదంటే ఎవరో సబ్బు చేత్తో అందులో మగ్గు ముంచేస్తారు, ఇక ఆ నీళ్లు తాగడానికి ఎవరికీ మనసొప్పదు. లెక్క లీటర్లతోనే మొదలవుతుంది గానీ, అసలు పనంతా నీళ్లను విడివిడిగా పంచుకోవడంలో ఉంది: తాగేవి వేరు, వాడేవి వేరు, చివరి దాకా ముట్టుకోనివి వేరు.

ఎన్ని లీటర్లు

తాగడానికి పెద్దవాళ్లకు రోజుకు 4 లీటర్లు, బడికి వెళ్లే వయసు పిల్లలకు రెండున్నర లీటర్లు పెట్టుకోండి. ఎండలు ముదిరినా, కొండ ఎక్కే ఆలోచన ఉన్నా తలకు మరో 2 లీటర్లు కలపండి. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలున్న ఇంటికి మామూలు వాతావరణంలో లెక్క ఇలా వస్తుంది: తాగడానికి 13, వంటకు 4, గిన్నెలకు 6, చేతులు, ముఖం, పళ్లు తోముకోవడానికి 7. అంటే రోజుకు 30 లీటర్లు. ఇందులో స్నానం లేదు, మరుగుదొడ్డి నీళ్లూ లేవు. వెళ్లే చోట మరుగుదొడ్డిలో కుళాయి లేకపోతే, నీళ్లు వాడే అలవాటున్నవాళ్లు మనిషికి రోజుకు 3 లీటర్లు అదనంగా వేసుకోవాలి. ఈ లెక్క చాలామంది మరిచిపోతారు, మొదటి ఉదయమే గుర్తొస్తుంది.

మధ్యాహ్నం చేరి, రెండు రాత్రులుండి, మధ్యాహ్నం బయల్దేరే ట్రిప్ నీళ్ల లెక్కలో రెండు పూర్తి రోజులు. అంటే 60 లీటర్లు. దానిపైన ఒక రోజు తాగే నీళ్లు, అంటే దాదాపు 12 లీటర్లు, అత్యవసరానికి. బండి చెడి రోడ్డు పక్కన ఆగిపోయినప్పుడు ఆదుకునేవి ఇవే. క్యాంపులో కుళాయి ఉందని ముందే తెలిసినా ఈ 12 లీటర్లు తగ్గించకండి. వాడే నీళ్లు మాత్రం అప్పుడు సగానికి సగం తగ్గించుకోవచ్చు.

ఏ పాత్రలో

20 లీటర్ల క్యాన్ చూడ్డానికి బాగుంటుంది. నిండితే 20 కిలోల నీళ్లు, దాని సొంత బరువుతో కలిపి 21 కిలోల పైమాట. డిక్కీ అంచు మీదుగా దాన్ని ఒక్కరే వంగి పైకి తీయాలి, అదీ మసక వెలుతురులో. నడుము పట్టేసేది ఇక్కడే. కుటుంబానికి 10 లీటర్ల క్యాన్లే మేలు. వాటిని ఇంట్లో ఎవరైనా ఎత్తగలరు, సందుల్లో సర్దుకోవచ్చు, ఒకటి కారినా పోయేది 10 లీటర్లే. 20 లీటర్లది ఒక్కటి చాలు, చేతులు, గిన్నెలు కడిగే చోట పెట్టడానికి. దాన్ని కూడా క్యాంపుకు చేరాక డిక్కీ అంచుకు జరిపి, అక్కడే ఉంచి ఖాళీ చేసుకుంటే ఎత్తే పని తప్పుతుంది.

పైన చెప్పిన ఇంటికి పంపకం ఇలా ఉండొచ్చు. తాగడానికి, వంటకు 10 లీటర్ల క్యాన్లు నాలుగు. వాడకానికి 20 లీటర్లది ఒకటి, 10 లీటర్లది ఒకటి. అత్యవసరానికి సీలు తీయని 2 లీటర్ల సీసాలు ఆరు. మొత్తం 82 లీటర్లు. అవసరం 72 దగ్గరే తేలినా, క్యాన్లను నిండుగా నింపాలి కాబట్టి ఆ పది లీటర్లు పైన పడతాయి. ఎందుకు నిండుగా నింపాలో కింద వస్తుంది.

కొనేటప్పుడు చూడాల్సింది ప్లాస్టిక్ రకం. అడుగున త్రికోణంలో 2 అంకె ఉంటే హెచ్‌డీపీఈ. గట్టిగా, కాస్త మసకగా ఉండి దెబ్బ తట్టుకుంటుంది, పదేపదే వాడే నీళ్ల క్యాన్లకు ఇదే సరైనది. 5 ఉంటే పాలీప్రొపిలీన్, అదీ పర్వాలేదు. 3 అంటే పీవీసీ, 6 అంటే పాలీస్టైరీన్, నీళ్లు నిల్వ చేయడానికి ఇవి వద్దు. అయితే ఆ అంకె ప్లాస్టిక్ జాతిని మాత్రమే చెబుతుంది. ఆ క్యాన్‌ను ఆహార పదార్థాల కోసం తయారు చేశారా లేదా అన్నది గ్లాసు, ఫోర్కు బొమ్మ లేదా 'ఫుడ్ గ్రేడ్' అన్న ముద్ర చెబుతుంది. రెండూ చూడండి. రసాయనాలు, డిటర్జెంట్లు, ఇంజిన్ ఆయిల్ పోసిన డబ్బాలు ఎంత కడిగినా తాగే నీళ్లకు పనికి రావు, వాసన పోయినా ప్లాస్టిక్ లోపలికి ఇంకినది పోదు.

మడిచే క్యాన్లు ఖాళీ అయ్యాక చోటు తినవు, అదొక్కటే వాటి సుగుణం. మడత పడ్డ చోటే అవి చిరుగుతాయి, ముఖ్యంగా మూల మడతల దగ్గర. క్యాంపుకు చేరాక కుళాయి దగ్గర నింపుకోవడానికి ఒకటి అదనంగా ఉంచుకోండి. నింపి ప్రయాణం చేయకండి.

పారదర్శకమైన క్యాన్లో ఎంత మిగిలిందో ఇట్టే కనిపిస్తుంది, కానీ వెలుతురు తగిలితే నాచు పడుతుంది. లేత నీలం లేదా మసక తెలుపు క్యాన్‌కు గోనె గుడ్డో, పాత దుప్పటో చుడితే రెండు పనులూ అవుతాయి. చాలా చోట్ల నీళ్లకు నీలం, పెట్రోలుకు ఎరుపు వాడతారు. దాన్ని నమ్మి ఊరుకోకుండా చెరగని మార్కర్‌తో 'తాగడానికి', 'వాడకానికి' అని మూత మీదా, పక్కనా రాయండి. చీకట్లో రంగులు తెలియవు.

కుళాయి బిగించడం

లీకుల్లో ఎక్కువ భాగం కుళాయి దగ్గరే. కుళాయి మరను క్యాన్ రంధ్రంలో పెట్టి, ముందు అర చుట్టు వెనక్కి తిప్పండి. మర గాడిలో పడినప్పుడు 'టక్' మని చిన్న శబ్దం వస్తుంది. ఆ తర్వాతే ముందుకు బిగించండి. మొదటి రెండు చుట్లు వేళ్లతోనే తేలిగ్గా తిరగాలి. బిగుతుగా అనిపిస్తే మర అడ్డంగా ఎక్కుతోందని అర్థం, విప్పి మళ్లీ మొదలుపెట్టండి. రబ్బరు వాషర్ కుళాయికీ క్యాన్ గోడకీ మధ్య నున్నగా, మెలిక లేకుండా కూర్చోవాలి. చేత్తో బిగిశాక ఇంకో పావు చుట్టు చాలు. పట్టకారుతో బిగిస్తే వాషర్ అంచు బయటకు పొంగి అక్కడే చుక్క మొదలవుతుంది. ఇంకా బిగిస్తే ప్లాస్టిక్ మర చీలుతుంది, దానికి మందు లేదు. టెఫ్లాన్ టేపు చుడితే వాషర్ లేని మరకు ఉపయోగం. వాషర్ ఉన్నచోట అది ఏమీ చేయదు.

ఇంత జాగ్రత్తగా బిగించిన కుళాయినైనా ప్రయాణంలో విప్పేయండి. రంధ్రానికి గట్టి మూత పెట్టి, కుళాయిని చిన్న సంచిలో వేసుకోండి. సామాను తగిలి విరిగేదీ, పిల్లల పాదం తగిలి తెరుచుకునేదీ అదే. సంచిలో రెండు అదనపు వాషర్లు కూడా పడేయండి. గ్రాము బరువుండదు, ఒక్కోసారి ట్రిప్‌నే నిలబెడుతుంది.

కుళాయి తిప్పితే నీళ్లు గుటకలు గుటకలుగా వచ్చి, క్యాన్ పక్కలు లోపలికి పీక్కుపోతుంటే అది పాడైనట్టు కాదు. లోపలికి గాలి వెళ్లే దారి లేదంతే. పై మూతను పావు చుట్టు వదులు చేయండి, ధార సాఫీగా వస్తుంది. దుమ్ము పడకుండా మూత మీద తడి లేని గుడ్డ కప్పండి.

బయల్దేరే ముందు

కొత్త క్యాన్ అయినా, అటక మీద నుంచి దించినదైనా ముందు సబ్బు నీళ్లతో కడగాలి. మూత మర లోపలి గాడిని పాత టూత్‌బ్రష్‌తో తోమండి. జిగురు పొర ముందు పట్టేది అక్కడే. క్యాన్ లోపల చెయ్యి పట్టకపోతే గుప్పెడు రాళ్ల ఉప్పు, కాసిన్ని నీళ్లు పోసి గట్టిగా గిలకొట్టండి.

తర్వాత బ్లీచ్. సువాసన కలపని, రంగు బట్టలకని రాయని, చిక్కటి జెల్ కాని మామూలు సోడియం హైపోక్లోరైట్ బ్లీచే కావాలి. సీసా మీద 5 శాతం అని ఉంటే లీటరు నీళ్లకు 1 మి.లీ. చాలు. అప్పుడు లీటరులో 50 మి.గ్రా. క్లోరిన్ ఉంటుంది. 10 లీటర్ల క్యాన్‌కు 10 మి.లీ., అంటే రెండు టీస్పూన్లు. నిండా నింపి, మూత పెట్టి, ఒకసారి తలకిందులు చేసి మూత లోపలి వైపు కూడా తడిపి, 4 గంటలు వదిలేయండి. కుళాయి తిప్పి దాని గుండా కూడా కొంచెం పోనివ్వండి. ఆపైన ఒలకబోసి మంచినీళ్లతో రెండుసార్లు కడిగి ఆరబెట్టండి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ, నిమ్మ ఉప్పు గానీ, మరే క్లీనర్ గానీ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. నెలల తరబడి తెరిచి ఉంచిన బ్లీచ్ బలం తగ్గిపోతుంది, కాబట్టి ఈ పనికి కొత్త సీసా వాడండి.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం నింపండి. మునిసిపల్ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, శుభ్రమైన మూత క్యాన్లో అవి ట్రిప్ అంతా నిలుస్తాయి. బావి, బోరు నీళ్లలో ఆ రక్షణ ఉండదు. వాటిని తాగడానికి తీసుకెళ్తే పై బ్లీచ్‌నే లీటరుకు 2 చుక్కల చొప్పున కలిపి 30 నిమిషాలు ఆగండి. నీళ్లు మరీ చల్లగా ఉన్నా, కాస్త మసకగా ఉన్నా 4 చుక్కలు. ఆగాక కొద్దిగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే మళ్లీ అంతే కలిపి ఇంకో 15 నిమిషాలు చూడండి. చుక్కలు లెక్కపెట్టడానికి మందుల షాపు డ్రాపర్ వాడండి, మూతతో అంచనా వేయకండి.

నింపిన క్యాన్లను ఆ రాత్రి అట్ట ముక్క మీద పక్కకు పడుకోబెట్టండి. తెల్లారి అట్ట మీద తడి మచ్చ ఉంటే ఏది కారుతోందో తేలిపోతుంది, డిక్కీలో పరుపులు తడిశాక వెతకనక్కర్లేదు.

బండిలో సర్దడం

82 లీటర్లు, క్యాన్ల బరువుతో కలిపి 88 కిలోల దాకా వస్తాయి. ఇది మరో పెద్ద మనిషి ఎక్కినట్టే. చాలా బండ్లలో డ్రైవర్ తలుపు తీస్తే ఫ్రేమ్ మీద బండి మోయగల బరువు, నిండు లోడుకు టైర్లలో ఉండాల్సిన గాలి రాసిన స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను, నీళ్లు కలిపి ఆ అంకె దాటకూడదు. గాలి కూడా నిండు లోడుకు రాసిన మేరకు కొట్టించండి.

నీళ్లు ఎప్పుడూ కింద, వెనక సీటు వీపుకు ఆనించి. డిక్కీ చివరన పెడితే వెనక ఇరుసు వెనుక బరువు వేలాడి, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. టాపు మీద అసలు వద్దు. చాలా కార్ల పైకప్పు క్యారియర్‌తో కలిపి మోసేది 50 నుంచి 75 కిలోలే. పైగా ఎత్తులో బరువుంటే మలుపుల్లో బండి ఒరుగుతుంది.

సగం నిండిన క్యాన్ నిండు క్యాన్ కంటే ఇబ్బంది. లోపల నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటూ బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు దూకుతాయి. అందుకే నీళ్లు మెడ దాకా నింపాలి. ఒక క్యాన్ పూర్తిగా ఖాళీ అయ్యాకే రెండోది తెరవాలి. దారిలో సగం సగం మిగిలినవి రెండుంటే ఒకదాంట్లోకి చేర్చేయండి, తాగేవి తాగేవాటిలోకే.

కట్టడం మాత్రం వదిలేయకండి. గంటకు 50 కి.మీ. వేగంలో ఉన్న బండి దేన్నైనా గుద్ది సెకనులో పదో వంతులో ఆగిందనుకుందాం. 20 కిలోల క్యాన్ అప్పుడు సుమారు 280 కిలోల బరువంత బలంతో ముందు సీట్ల మీదికి వస్తుంది. సాగే రబ్బరు తాళ్లు ఈ బలాన్ని ఆపవు. రాచెట్ పట్టీని (పళ్ల చక్రంతో బిగించే పట్టీ) క్యాన్ పిడి గుండా పోనిచ్చి, డిక్కీ నేలలో ఉండే లోహపు కొక్కేలకు బిగించండి. పట్టీ వదులు కాకుండా కింద రబ్బరు చాప ముక్క పరవండి. అరగంట ప్రయాణం తర్వాత ఒకసారి ఆగి మళ్లీ బిగించండి, ప్లాస్టిక్ సర్దుకుని పట్టీ తప్పకుండా వదులవుతుంది.

తాగే సీసాలు తలుపు జేబుల్లో ఉండాలి. డ్రైవర్ కాళ్ల దగ్గర ఒక్కటి కూడా వద్దు. సీటు కింద నుంచి దొర్లిన సీసా బ్రేకు పెడల్ కిందికి చేరితే పెడల్ తొక్కినా దిగదు. పెట్రోల్ డబ్బా, కిరోసిన్, గ్యాస్ సిలిండర్లు నీళ్ల పక్కన పెట్టకండి. పెట్రోలు ఆవిరి హెచ్‌డీపీఈ గోడలోంచి కూడా నెమ్మదిగా చొరబడుతుంది, ఆ రుచి వచ్చిన నీళ్లు పారబోయడమే. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు పైన గాలి పీడనం తగ్గి క్యాన్లు ఉబ్బుతాయి. కొండ మీద ఆగినప్పుడు మూత ఒకసారి నెమ్మదిగా తెరిచి గాలి వదిలి బిగించండి. దిగేటప్పుడు సొట్ట పడితే మళ్లీ అంతే.

క్యాంపులో

తాగే క్యాన్ ఎప్పుడూ నీడలో, నేలకు ఒక అడుగు ఎత్తున, పిల్లల చేతికి అందే చోట పెట్టండి. పిల్లలు తమంతట తాము పట్టుకుంటేనే సరిపడా తాగుతారు. ఒక్కొక్కరికీ పేరు రాసిన సీసా ఇవ్వండి. మూత్రం ముదురు పసుపులోకి మారినా, నోరు ఎండినా, పసిబిడ్డ డైపర్ 3 గంటలుగా తడవకపోయినా నీళ్లు చాలడం లేదని అర్థం. ఓఆర్ఎస్ కలిపేటప్పుడు పాకెట్ మీద రాసినన్ని నీళ్లే పోయాలి, తక్కువ నీళ్లలో చిక్కగా కలిపితే మేలు కాదు, కీడు.

వాడే నీళ్లు పొదుపయ్యేది గిన్నెల దగ్గరే. ముందు గిన్నెను కాగితంతోనో, పాత గుడ్డతోనో పూర్తిగా తుడిచేయండి. ఆపైన ఒక తొట్టెలో 2 లీటర్ల సబ్బు నీళ్లు, ఇంకోదాంట్లో 2 లీటర్ల మంచినీళ్లు, చివర స్ప్రే సీసాతో తుంపర. నలుగురి గిన్నెలకు 5 లీటర్లు దాటవు. చేతులకు ఒక లీటరు సీసా మూతకు వేడి సూదితో రెండు మిల్లీమీటర్ల చిల్లు పెట్టి తలకిందులుగా కట్టండి. సబ్బు నీళ్లను వాగుకు, చెరువుకు కనీసం 60 మీటర్ల దూరంలో చల్లండి, ఒకే చోట పోయకండి.

ఐస్ పెట్టెకు ఐస్ కొనే బదులు తాగే సీసాల్లో కొన్నింటిని ముందే గడ్డకట్టించి పెట్టండి, కరిగాక తాగేయొచ్చు. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, కాబట్టి సీసాలో పైన పదో వంతు ఖాళీ ఉంచాలి. రాత్రి గడ్డకట్టే చలి ఉండే చోటైతే ఇదే లెక్క క్యాన్లకూ పనికొస్తుంది. నిండా నింపి వెళ్లి ఉంటే బండి లోపలే పెట్టండి. బయట పెట్టే సీసాలను తలకిందులుగా ఉంచితే మంచు అడుగు వైపు పట్టి, తెల్లారి మూత తెరుచుకుంటుంది.

నీళ్లు తరిగితే

క్యాంపు కుళాయి దగ్గర నింపేటప్పుడు ముందు అర నిమిషం వదిలేసి, కుళాయి మూతిని శుభ్రమైన గుడ్డతో తుడవండి. తోటకు వాడే పైపు కాకుండా తాగే నీళ్లకని రాసిన పైపే వాడండి, దాని కొస నేలకు తాకనివ్వకండి.

వాగు నీళ్లు తప్పనిసరైతే పారే చోట, పశువులు దిగే చోటుకు ఎగువన పట్టండి. మసకగా ఉంటే తేరనిచ్చి, మందమైన గుడ్డలో వడకట్టండి. తర్వాత కళపెళ మరిగించడమే అన్నిటికంటే నమ్మకం. ఒక నిమిషం చాలు. 2000 మీటర్ల ఎత్తు దాటితే 3 నిమిషాలు. సన్నటి బోలు పీచుల గుండా నీళ్లను వడకట్టే 0.1 మైక్రాన్ హాలో ఫైబర్ ఫిల్టర్ బాక్టీరియాను, పరాన్నజీవులను ఆపుతుంది, వైరస్‌లను ఆపదు. క్లోరిన్ వైరస్‌లను చంపుతుంది, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవిని దాదాపు ఏమీ చేయలేదు. అందుకే మరిగించే వీలు లేకపోతే ముందు ఫిల్టర్, తర్వాత క్లోరిన్, రెండూ చేయాలి. ఒకసారి తడిసిన ఫిల్టర్ గడ్డకడితే పీచు లోపల చిట్లుతుంది, బయటికి కనపడదు. చలి రాత్రుల్లో దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోండి. పంట పొలాల కిందికి వచ్చే నీళ్లు, పచ్చటి తెట్టు కట్టిన చెరువు నీళ్లు వీటిలో దేనికీ లొంగవు. పురుగుమందులు, నాచు విషం మరిగించినా పోవు.

ఇంటికి వచ్చాక

మిగిలిన నీళ్లు మొక్కలకు పోసి, క్యాన్లు అదే రోజు కడగండి. కుళాయి, మూతలు, వాషర్లు విప్పి విడిగా ఆరబెట్టండి. క్యాన్‌ను రెండు కర్రల మీద బోర్లించి నీడలో రెండు రోజులు ఉంచితే మూలల్లో చెమ్మ పోతుంది. మూత బిగించి దాచకండి, లోపల చిక్కిన కాస్త తడి చాలు, మళ్లీ తీసేసరికి ముక్క వాసన కొడుతుంది. మూతి మీద పలుచటి గుడ్డ కట్టి, మూతను పిడికి తాడుతో వేలాడదీయండి. అప్పటికీ వాసన వస్తే లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు టీస్పూన్ల వంటసోడా కలిపి క్యాన్లో పోసి, రాత్రంతా అటూ ఇటూ తిప్పుతూ ఉంచి కడగండి. పగులు కనబడిన వాషర్‌ను అప్పుడే మార్చేసి, కొత్తది కుళాయి సంచిలో పెట్టేయండి.